ఉదయగిరి దారి, వేగపు వెల

నెల్లూరు మండలమనగానే మన సోదరీమణులకు పెన్నానదియు, మొలకొలుకుల బియ్యమును, సముద్రతీరమును జ్ఞప్తికి వచ్చును. ఆ మండలమునకే పడమటి ప్రక్క మఱియొక ముఖము కలదు. ఆత్మకూరు దాటిన కొలది వరిమళ్లు వెనుకబడును. ఎఱ్ఱనేలయు, కంపచెట్లును, వానకై మొగమెత్తి చూచు మెట్టచేలును ఎదురగును. వాని వెనుక వెలికొండలు గోడకట్టినట్లు నిలిచియుండును. ఆ కొండల యొడిలో ఉదయగిరి కలదు. మేము గడచిన మాఘమాసమున ఆ దారిని పోయి వచ్చితిమి. చూచిన కోటను గూర్చియు, కొన్న గరిటెలను గూర్చియు వ్రాయవలెనని కూర్చుంటిమి గాని, ఆ ప్రయాణమున మాకు దొరకిన ముఖ్యమైన సంగతి మోటారు కారును గూర్చినది. ఇది మగవారి విషయమని పుట త్రిప్పివేయవలదు. ఇంటి డబ్బు ఎచ్చట వ్యయమగునో, ఇంటి బిడ్డ ఎంత వేగమున తిరుగునో, అది ఇల్లాలి విషయమే గదా!

మా ప్రయాణమునకు కారణము ఆత్మకూరులో బంధువుల గృహప్రవేశము. మా మేనల్లుడు చెన్నపట్టణమున ఉద్యోగము చేయుచు, ఒకరు వాడి అమ్మిన స్పోర్ట్సు కారును క్రొత్తగా కొనెను. అందులో మా వదినెయు, మేమును, అతడును బయలుదేరితిమి. ఆ కారునకు తలుపులు రెండే. వెనుక పీట పేరునకే పీట. మోకాళ్లు గడ్డమునకు తగులుచుండెను. నేలకు జానెడెత్తున ప్రాకునట్లు పోవు ఆ బండిలో కూర్చున్నప్పుడు ప్రక్కన పోవు ఎడ్లబండి చక్రము మా తలకంటె ఎత్తుగా కనబడెను.

మా వదినె భర్తృహీన. ఆమెకు ఒక్కడే కుమారుడు. అతని వివాహమునకని ఆమె దాచియుంచిన సొమ్ములో రెండులక్షల రూపాయలు కారునకు "పనులు" చేయించుటకు కావలెనని అతడడుగుచుండెను. ఆమె ఇయ్యననలేదు, ఇత్తుననలేదు. "నీకు తెలియును గాబట్టి నీవు విని చెప్పుము" అని మాతో ననెను. మాకును కార్ల సంగతి తెలియదు. కాని అడుగుటకు తెలివి యక్కరలేదు, ఓపిక యుండిన చాలును.

బుచ్చిరెడ్డిపాళెము దాటి సంగము చేరువఱకు దారి పొడవునను వరిపొలములే. సంగమువద్ద పెన్నపై క్రొత్తగా కట్టిన బ్యారేజి కలదు, 2022లో ప్రారంభమైనది. ఇంకను పైకి పోయిన సోమశిల జలాశయము కలదు. అందు 78 టీయెంసీల నీరు నిలువయుంచవచ్చును. కృష్ణపట్టణము రేవునుండి పడమటికి పోవు 67వ నంబరు జాతీయ రహదారి ఇదియే గాన, బరువులారీలు ఒకదాని వెనుక నొకటి వచ్చుచుండెను. ఈ దారిలోనే మేనల్లుడు తాను చేయింపదలచిన పనుల పట్టిక వినిపించెను.

"మొదటిది ఇంజను మెదడు మార్పించుట, అత్తా" అనెను. ఇప్పటి కార్లలో ఎంత పెట్రోలు, ఎప్పుడు, ఏ క్షణమున నిప్పురవ్వ యను సంగతులను ఒక చిన్న కంప్యూటరు నిర్ణయించునట. అందలి లెక్కలను మార్చిన ఇంజను మునుపటికంటె ఎక్కువ బలము చూపునట. టర్బో అను గాలిమర యున్న ఇంజనులకు ఈ మార్పు మిక్కిలి ఫలించునట. పొగగొట్టములో పోవు వేడిగాలి ఒక చక్రమును త్రిప్పగా, అది మఱియొక చక్రముచేత ఎక్కువ గాలిని ఇంజనులోనికి క్రుక్కుటయే టర్బో చేయు పని. రెండవది, గాలి ధారాళముగా పోవుటకు క్రొత్త వడపోతయు, పొగ ధారాళముగా వెడలుటకు వెడల్పైన సైలెన్సరును. మూడవది, కారును మఱికొంత క్రిందికి దించు పొట్టి స్ప్రింగులు. నాలుగవది, వెడల్పైన చక్రములు.

"ఇవి యన్నియు పోవుటకు. ఆగుటకేమి యున్నది?" అని మా వదినె అడిగెను. అతడు నవ్వి, "బ్రేకులు కంపెనీవారు పెట్టినవే యున్నవిగదమ్మా" అనెను. ఆ మాట అప్పటికంతటితో నిలిచిపోయెను.

ఆత్మకూరు పెద్ద ఊరు. రెవిన్యూ డివిజను కేంద్రము. పడమటి పల్లెల వారందఱకు సంత, ఆసుపత్రి, కచేరి, అన్నియు నిదియే. గృహప్రవేశము ముగిసిన మఱునాడు ఉదయము, బండి ముందుభాగమున ఏదో గీచుకొనుచున్నట్లు శబ్దమగుచున్నదని అచ్చటి యొక షెడ్డునకు తీసికొనిపోయితిమి. ఆ మేస్త్రి ఏబదియేండ్లు పైబడినవాడు. ట్రాక్టర్లు, లారీలు బాగుచేయుటలో ఆరితేరినవాడు. స్పోర్ట్సు కారును చూచి బెదరలేదు, మురియలేదు. క్రిందికి దూరి చూచి, వేగనిరోధకపు దిబ్బ తగిలి క్రింది పలక వంగినదని చెప్పి, దానిని సరిచేసెను. తరువాత చేయి తుడుచుకొని టైర్లమీద వ్రాసిన అంకెలను వ్రేలితో చూపెను.

"అమ్మా! ఈ నాలుగంకెలు చూడుడు. మొదటి రెండు అంకెలు వారము, తరువాతి రెండును సంవత్సరము. ఇవి 2017లో పుట్టిన టైర్లు. పైకి నిగనిగలాడుచున్నవి గాని, రబ్బరు గట్టిపడిపోయినది. ఇవి దారిని పట్టుకొనవు" అనెను.

మేనల్లుడు తన పట్టిక అతనికి చెప్పెను. మేస్త్రి విని, "అబ్బాయీ! ఇంజను బలము పెంచిన ఆ బలమును మోయవలసినది క్లచ్చి, గేరుపెట్టె, ఇరుసులు, చివరకు ఈ టైర్లు. వారెవరిని అడుగక ఇంజనునకే తినిపించిన ఎట్లు? ఒక ఎద్దును మేపి రెండవ ఎద్దును ఎండగట్టి కాడికట్టినట్లుండును" అనెను. ఆ పోలిక మాకెంతయు నచ్చెను.

అతడు చెప్పిన మఱియొక సంగతి సోదరీమణులు తెలిసికొనవలసినది. బ్రేకు పెడలును త్రొక్కినప్పుడు మన పాదబలమును చక్రమువఱకు మోసికొనిపోవునది ఒక ద్రవము. ఆ ద్రవమునకు గాలిలోని తేమను పీల్చుకొను గుణమున్నది. మనవారు విరివిగా వాడు డాట్ 4 అను రకము క్రొత్తగా నున్నప్పుడు 230 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి వఱకైనను మరుగరాదని నియమము; తేమ పీల్చిన పిదప 155 డిగ్రీలకు మరుగకున్న చాలునని అదే నియమము. కొండదారి దిగుచు మాటిమాటికి బ్రేకు త్రొక్కిన, ఆ వేడికి పాతద్రవము మరిగి ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము నొక్కుడుపడదు గాని ఆవిరి నొక్కుడుపడును. అప్పుడు పెడలు నేలకంటును, బండి యాగదు. ఇంత ప్రాణాపాయమును తప్పించు ఆ ద్రవము సీసా వెల కొన్ని వందల రూపాయలే. దానిని సాధారణముగా రెండేండ్లకొకసారి మార్పించుకొనవలెను.

ఆత్మకూరునుండి ఉదయగిరికి పోవు దారి జాతీయ రహదారి వంటిది కాదు. ప్రతి పల్లెకును ముందొక దిబ్బ, వెనుకొక దిబ్బ. ఒకచోట మిరపకాయలారబోసియుండిరి, ఒకచోట గొఱ్ఱెల మంద. మూడవచోట, కంపచెట్లు మూసిన వంపు తిరుగగానే, వెనుక దీపములేని ట్రాక్టరొకటి ఎఱ్ఱమట్టి నింపుకొని ఆగియుండెను. మేనల్లుడు బ్రేకు త్రొక్కెను. చక్రములు కీచుమనినవి, బండి జారి, ట్రాక్టరునకు రెండు మూరల దూరమున నిలిచెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. మా వదినె కొంగు నోటికి అడ్డముపెట్టుకొని చాలసేపు మాటాడలేదు. మేనల్లుడు దిగి, టైర్లు నేలపై గీచిన నల్లచారలను అడుగులతో కొలచి వచ్చి, ఊరకుండెను.

ఈ లెక్క పెద్ద చదువు అక్కరలేనిది. గంటకు 72 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనునకు 20 మీటర్లు పోవును. కన్ను చూచి, మనస్సు తెలిసికొని, కాలు కదలుటకు ఒక సెకను పట్టిన, బ్రేకు పడకమునుపే 20 మీటర్లు గడచిపోవును. పిదప ఆపవలసిన శక్తి వేగముతోపాటు సమముగా పెరుగదు. వేగము రెట్టింపైన శక్తి నాలుగింతలగును. ఆ శక్తినంతయు వేడిగా మార్చి తినివేయవలసినవి బ్రేకులు. నేలను పట్టుకొనవలసినవి నాలుగు అరచేతులంత చోట నానియున్న టైర్లు. ఇంజనునకు ఎన్ని గుఱ్ఱముల బలమున్నను నేలతో సంబంధము ఆ నాలుగు అరచేతులే!

ఉదయగిరి చేరునప్పటికి ప్రొద్దు నడినెత్తికి వచ్చెను. ఊరు కొండ పాదమున నున్నది. కొండ శిఖరము సముద్రమట్టమునకు 3079 అడుగుల ఎత్తు. పూర్వము కొండమీద ఎనిమిదియు క్రింద అయిదును, మొత్తము పదమూడు కోటలుండెడివట. కొన్నిచోట్ల కొండచరియ నిలువునా గోడవలె నుండును. పైన శిథిలములైన గుడులు, మసీదు, బురుజులు, కొలనులు కలవు. క్రింద రంగనాయకుల గుడి శిథిలము చూపఱకు జాలి పుట్టించును. మా వదినె సగము దూరమెక్కి ఒక బండమీద కూర్చుండెను. మేమును ఆమెకు తోడుగా నిలిచితిమి. చల్లనిగాలి వీచుచుండెను, క్రింద చెఱువులును, ఎఱ్ఱదారియు, చీమవంటి మా కారును కనబడుచుండెను.

ఈ కోట ఓఢ్రరాజగు ప్రతాపరుద్రగజపతి స్వాధీనమున నుండగా, శ్రీకృష్ణదేవరాయలు 1513లో వచ్చి ముట్టడించి, 1514లో గెలిచెను. ముట్టడి ఇంచుమించు ఏడాదిన్నర సాగెను. రాయలయొద్ద ఏనుగులకు కొదువలేదు, గుఱ్ఱములకు కొదువలేదు, కాల్బలమునకు అంతకంటె కొదువలేదు. అయినను ఆ బలము కోట దరికి చేరలేదు. కారణమేమన, దారి ఇఱుకు; ఒక్కొక్కరుగా తప్ప పోవీలులేదు. పదునాఱవ శతాబ్దిలో విజయనగరమునకు వచ్చిన నూనిజు అను పోర్చుగీసువాడు వ్రాసిన వృత్తాంతమునుబట్టి చూడగా, రాయలు పెద్దపెద్ద బండలను పగులగొట్టించి, ఆ ఇఱుకుదారిని వెడల్పుచేయించి, మఱికొన్ని దారులు వేయించి, పిదప కోటను సమీపించెను. గెలిచినపిదప ఇచ్చటి బాలకృష్ణవిగ్రహమును హంపికి గొనిపోయి, 1515లో గుడికట్టించి ప్రతిష్ఠచేయించెను. ఆ విగ్రహము నేడు చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియములో నున్నది.

ఆ బండమీద కూర్చుండి ఈ కథ చెప్పుకొనుచుండగా మేనల్లుడు దానినంతయు విని, "అయితే అత్తా, రాయలవారు ఏనుగును మార్చలేదు, దారిని మార్చిరి" అనెను. "దారిని మార్చుట మన చేతిలో లేదు నాయనా, రాయలము కాము గనుక. దారికి తగిన బండిని నడుపుకొనుట మాత్రము మన చేతిలోనిదే" అని మా వదినె అనెను.

ఊరిలో కొయ్యగరిటెలు చేయువారి ఇండ్లకు పోయితిమి. ఉదయగిరి కొయ్యగరిటెలు భౌగోళిక సూచికయను గుర్తింపు పొందినవి. వెలికొండ అడవులలో దొరకు నర్ది, బిక్కి మున్నగు కొయ్యలతో గరిటెలు, చెంచాలు, ముండ్లచెంచాలు, అట్లకాడలు చెక్కుదురు. ఈ పనిలో స్త్రీలే ఎక్కువ. తల్లి కూతునకు నేర్పుచు వచ్చిన విద్య. బాడిసతో మోటుగా చెక్కి, ఆకురాయితో రాచి, గరుకుకాగితముతో నునుపుచేయుచున్న ఒక తల్లి మాకొక గరిటె చేతికిచ్చి, "పట్టి చూడు అమ్మా, తూకము ఎక్కడున్నదో" అనెను. తలయంత బరువుగా నున్నను చేయి నొవ్వకుండునట్లు కాడను మలచియుండెను. తల పెంచిన కాడ బలపడవలెను. కాడ బలపడిన పట్టు మారవలెను. ఒక్కదానిని మాత్రమే పెంచిన గరిటె విఱుగును, లేదా చేయి నొచ్చును. ఆత్మకూరు మేస్త్రి ఎద్దులజోడు ఉపమానమును ఈమె కొయ్యలో చెక్కి చూపినట్లుండెను.

ఇక వేగమునకై మనుష్యుడు పడు ఆరాటమును నిందించుట మా యుద్దేశము కాదు. అది పాతదే. అమెరికాలో ఫోర్డు టి రకపు కారు పల్లెపల్లెకు పాకిన దినములలో, 1920 ప్రాంతమున, లూయీ షెవ్రొలే సోదరులు ఆ కారు ఇంజనునకు ఫ్రాంటెనాక్ అను క్రొత్త తలభాగము చేసి అమ్మిరి. దానితో ఆ సాధుజంతువు పందెములలో పరుగెత్తినది. ఇటలీదేశమున 1949లో కార్లో అబార్తు అనువాడు ఒక సంస్థ స్థాపించి, మామూలు కార్లకు తగిలించుకొను సైలెన్సర్లు అమ్మి ప్రసిద్ధికెక్కెను. మన దేశమునను చెన్నపట్టణమునకు సమీపమున షోలవరపు విమానపు బాటమీద ఏండ్లతరబడి పందెములు జరిగినవి. తరువాత ఇరుంగాట్టుకోట్టైలో అందుకే ప్రత్యేకముగా బాట కట్టిరి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేనుసాగరము ఒడ్డున విద్యుత్తు కార్ల ప్రపంచపందెము జరిగినది. అట్టిచోట్ల తలకు శిరస్త్రాణము, ప్రక్కన వైద్యుడు, ఎదుట గొఱ్ఱెలమంద లేని బాట యుండును. వేగమునకు తావు అది. పల్లెదారి వేగమునకు తావు కాదు.

చట్టము సంగతియు చెప్పవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టువారును ఈ సంగతినే స్పష్టపఱచిరి. అదే సంవత్సరపు సవరణతో, అనుమతిలేని మార్పు చేయించిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5000 రూపాయల జరిమానాయో, ఆఱుమాసములవఱకు ఖైదో, రెండునో విధింపవచ్చునని ఏర్పడెను. చెవులు చిల్లులుపడు సైలెన్సర్లను పోలీసులు విప్పించి రోడ్డురోలరు క్రింద నలిపించిన సంగతులు మన పత్రికలలో చూచుచునే యున్నాము. వానిని బిగించునప్పుడు పలువురు పొగలోని విషమును తగ్గించు పాత్రను కూడ తీసివేయుదురు. ప్లాటినము, పెలాడియము, రోడియము వంటి అమూల్యలోహముల పూతతో చేసిన ఆ పాత్ర పోయిన, ఆ విషవాయువు వీధిలోని పసిబిడ్డల ముక్కులకే చేరును. ఇంతేకాదు. భీమా కంపెనీకి తెలుపని మార్పులున్న, ప్రమాదమైననాడు పరిహారము నిరాకరింపబడవచ్చును. కంపెనీవారి హామీయు పోవచ్చును.

తిరుగు ప్రయాణమున ఆత్మకూరులో రాత్రి ఆగితిమి. భోజనములైనపిదప మేనల్లుడు తన పట్టికను తీసి, కలముతో కొన్ని పంక్తులు కొట్టివేసి తల్లి చేతికిచ్చెను. పొట్టి స్ప్రింగులు పోయినవి. దిబ్బలున్న దేశమున వానితో పనియేమని అతడే అనెను. సైలెన్సరు పోయినది. వెడల్పు చక్రములు పోయినవి. వాని స్థానమున, తయారీదారు చెప్పిన కొలతలకే సరిపడు క్రొత్త టైర్లు నాలుగు, మంచి రకపు బ్రేకు పలకలు, బ్రేకు ద్రవము మార్పు, చక్రముల పొందిక సరిచూచుట యను నాలుగు పంక్తులు చేరినవి. ఇంజను మెదడు మాత్రము కొట్టివేయలేదు. "తరువాత" అని ప్రక్కన వ్రాసెను. మా వదినె దానిని చూచి నవ్వి, "ఆ తరువాత వచ్చినప్పుడు ఇరుంగాట్టుకోట్టైకి రుసుము కట్టెదను, అచ్చట నేర్పువారి ప్రక్కన కూర్చుండి పరుగెత్తించుము. ఇంటిదారిలో కాదు" అనెను. రెండులక్షలలో సగముకంటె తక్కువతో పని తీరెను. మిగిలినది వివాహపు పెట్టెలోనికే తిరిగి చేరెను.

సోదరీమణులారా! మన ఇండ్లలో కారున్నను, మోటారుసైకిలున్నను ఈ ప్రశ్నలు మనమడుగవచ్చును. టైరుమీది నాలుగంకెలు ఏ సంవత్సరమును చెప్పుచున్నవి? బ్రేకు ద్రవము మార్చి ఎన్నాళ్లయినది? కొనబోవు వస్తువు బండిని పరుగెత్తించునదా, నిలుపునదా? దానిని మోయవలసిన తక్కిన భాగములకు ఆ బలమున్నదా? దానిని గూర్చి రిజిస్ట్రేషను కచేరికిని, భీమా కంపెనీకిని చెప్పగలమా? చెప్పుటకు జంకు కలిగిన వస్తువు కొనదగినది కాదు. అమ్మువాడు బిల్లు ఇయ్యనన్న, అతని వస్తువును అతనికే వదలుట మంచిది. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేక పిల్లవాడు విసుగుకొనవచ్చును. విసుగుకొననిండు. విసుగుకొనుటకైనను అతడు ఇల్లు చేరవలెను గదా!

ఉదయగిరిలో కొన్న గరిటెలు ఆఱు మా వంటయింట నున్నవి. కోట చూడబోవువారు చలికాలమున, ప్రొద్దెక్కకమునుపే కొండయెక్కుట మంచిది. త్రాగునీరు వెంట తీసికొనిపోవలెను. ఆత్మకూరు దాటినపిదప చీకటిపడకుండ తిరిగివచ్చుట మఱియు మంచిది. ఆ దారిలో దీపములేని ట్రాక్టర్లు ఇంకను కలవు.